మన టీమోళ్ళ చెయ్యి గాదు

కబడ్డీ ఆడే ఆడపిల్లకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఒంటి మీద ఎక్కడ కమిలినా ఎవరూ ఏమీ అడగరు. మోచెయ్యి గీరుకుపోతే ఆట, పెదవి చిట్లితే ఆట, మెడ దగ్గర ఎర్రగా కందితే అదీ ఆటే. ఇంటర్ చదివిన రోజుల్లో ఆ సౌకర్యాన్ని నేను పూర్తిగా వాడుకున్నాను.

నేను రైడర్‌ని. అంటే కూత పెడుతూ ఒక్కదాన్నే అవతలి కోర్టులోకి వెళ్ళి, అక్కడున్నవాళ్ళలో దొరికినవాళ్ళను ముట్టుకుని, వాళ్ళ చేతికి చిక్కకుండా గీత దాటి వెనక్కి రావాలి. ఇదంతా ఒక్క ఊపిరిలో జరగాలి. మధ్యలో కూత తెగిందా, అవుట్. ఎవరూ పట్టుకోనక్కర్లేదు, మన ఊపిరే మనల్ని బయటికి పంపిస్తుంది. నా కూతకు నాచారంలో కాస్త పేరుండేది. "ఈ పోరి కూత పెడితే మౌలాలి గుట్ట మీద ఇనబడ్తది" అని ఆటలు నేర్పే మా పీడీ సార్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆయన లోకంలో రెండే మందులు ఉండేవి. కడుపునొప్పికి గ్రౌండ్ చుట్టూ పరుగు, మిగతా అన్నిటికీ ఇంకాస్త ఎక్కువ పరుగు.

మా నాయిన మల్లాపూర్‌లో ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో మెషీన్ మీద ఉండేవాడు. అమ్మ అక్కడికి దగ్గర్లోనే మసాలా పొట్లాలు కట్టే షెడ్డుకు వెళ్ళేది. సాయంత్రం ఇద్దరూ ఇంటికి వచ్చారంటే ఒకవైపు కాలిన ప్లాస్టిక్ వాసన, ఇంకోవైపు ధనియాల వాసన. జనగామ దిక్కు నుంచి వచ్చి, కిరాయి ఇంట్లో ఉంటూ, ఉన్న ఒక్క కూతురి మీద ఆశలన్నీ పెట్టుకున్న మనుషులు. జిల్లా జట్టులో పడితే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు వస్తుందని సార్ చెప్పాడు. పడకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. షెడ్డులో అమ్మ పక్కన ఇంకో పీట వేయడానికి జాగా ఉంది.

అందుకే నా దెబ్బలంటే అమ్మకు గర్వం. పసుపు, సున్నం కలిపి ఎర్రటి పట్టు వేస్తూ, ఇంటి ఓనరాంటీకి వినబడేట్టు, "నా బిడ్డ ఆడపులి. సూడు ఎట్ల గొట్టిన్రో, అయిన ఏడ్వది" అనేది. ఓనరాంటీ వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని, మెచ్చుకుని వెళ్ళేది.

ఇక వాడి సంగతి. అప్పట్లో 'తను' అనేదాన్ని, ఇప్పుడు 'వాడు' అంటున్నాను. మర్యాద తగ్గించానని అనుకోవద్దు, అప్పుడు పెట్టింది ఎక్కువైంది, సరిచేస్తున్నానంతే. ఉప్పల్ పాత ఊరివాళ్ళ అబ్బాయి. ఒకప్పుడు వాళ్ళకు పొలాలుండేవి. ఇప్పుడు వాటి మీద షాపులూ, మెట్రో స్తంభాలూ ఉన్నాయి. మిగిలిన జాగాలో వాళ్ళ నాన్న గదులు కట్టి మాలాంటివాళ్ళకు కిరాయికి ఇచ్చుకుంటాడు. వాడు హబ్సిగూడలో డిగ్రీ మొదటి సంవత్సరం, అంటే కాలేజీ ఎదురుగా ఉన్న ఛాయ్ హోటల్లో మొదటి సంవత్సరం. నాకు పదిహేడు, వాడికి పంతొమ్మిది. ఒక బండి, ఒక గడ్డం, చేతి మీద పులి పచ్చబొట్టు. దగ్గరగా చూస్తే అది పిల్లి.

మా మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. వేరే అబ్బాయిలైతే గులాబీ తెస్తారు, వీడు అరటిపండ్ల గెల తెచ్చాడు. "ఆడినంక తినాలె, లేకుంటే నరాలు గుంజుతయి" అన్నాడు. నేను అక్కడే పడిపోయాను. ఏ డిఫెండరూ నన్ను అంత సులువుగా పడగొట్టలేదు.

మొదట్లో అన్నీ అడిగి తెలుసుకునేవాడు. తిన్నవా, పన్నవా, ఏడున్నవ్. కొన్నాళ్ళకు అవే ప్రశ్నలు, గొంతు మాత్రం మారింది. ఫోన్‌లో లొకేషన్ పెట్టించాడు. నా ఫోన్ నా చేతిలోనే ఉండేది గానీ, నేను మాత్రం వాడి ఫోన్‌లో నీలం చుక్కనై నాచారం, హబ్సిగూడ మధ్య తిరుగుతుండేదాన్ని. చుక్క ఒకచోట ఎక్కువసేపు ఆగితే ఫోన్ మోగేది. ఈ విషయం చెబితే మా క్లాసు పిల్లలు, "మస్తు పొసెసివ్ గదనే! నీ అదృష్టం" అని కుళ్ళుకున్నారు. నేను కూడా లాటరీ తగిలినట్టు సిగ్గుపడ్డాను. ఎంత పిచ్చిదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు కోపం రాదు, జాలేస్తుంది. అలాగని వాడి మీద కోపం తగ్గిందనుకోకండి.

మొదటి చెంపదెబ్బ మా పీడీ సార్ పుణ్యమే. అమ్మాయిలు గట్టిపడాలని ఒకరోజు మమ్మల్ని అబ్బాయిల జట్టుతో ఆడించాడు. నలుగురు అబ్బాయిలు నన్ను పట్టి, కింద పడేసి, మీద కూర్చున్నారు. ఆ దుమ్ములో, ఆ చెమట కంపులో శృంగారం ఎక్కడుందో దేవుడికే తెలియాలి. గోడ పక్కన బండి మీద కూర్చున్న వాడికి మాత్రం కనబడింది. ఆట అయ్యాక మెట్రో స్టేషన్ కిందికి తీసుకెళ్ళి, "ఆళ్ళు ముడ్తుంటే నీకు మంచిగనిపిస్తుందా?" అని కొట్టాడు. పైన రైలు పోతోంది. ఆ చప్పుడులో దెబ్బ చప్పుడు నాకే వినబడలేదు.

మర్నాడు వచ్చి ఏడ్చాడు. నడిరోడ్డు మీద చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీశాడు. పోయేవాళ్ళు ఆగి నవ్వుతుంటే, "నా కోసం ఇంత చేస్తున్నాడే" అని నా గుండె నీరైపోయింది. గుంజీళ్ళతో వాడికి ఆకలైంది, మిర్చి బజ్జీలు తిన్నాడు. నేను తినలేదు. అప్పటికే నాకు తిండి బందు.

అదో కథ. "నీ తొడలు సూడు, పహిల్వాన్ లెక్క అయితున్నయి. ఆడపిల్లవా, ఏందే?" అన్నాడొకరోజు. రైడర్ తొడలు అలాగే ఉండాలని ఏడాది పాటు గుడ్లు తినిపించిన సార్ మాట కంటే ఈ ఒక్కమాట ఎక్కువైంది. రాత్రి అన్నం మానేశాను. అమ్మ అడిగితే నోటికొచ్చినట్టు, "ఇయ్యాల ఒక్కపొద్దమ్మా" అన్నాను. ఆ రోజు సోమవారం. శివుడి కోసమని అమ్మే అర్థం చేసుకుంది. మనకో సౌకర్యం, వారంలో ఏ రోజుకు ఆ రోజు ఒక దేవుడు డ్యూటీలో ఉంటాడు. సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, గురువారం బాబా, శనివారం వెంకన్న. శుక్రవారం అమ్మవారుంది, ఆదివారం సూర్యుడున్నాడు. బుధవారం ఎవరూ దొరక్క ఆ ఒక్కరోజు సరిగ్గా తినేదాన్ని.

అమ్మ మురిసిపోయింది. ఓనరాంటీ, "గింత భక్తి ఈ కాలం పిల్లలల్ల ఏడున్నది? బంగారమసొంటి మొగుడొస్తడు" అని దీవించి, నాకు ఫలహారమని పండ్లు పంపేది. ఆ పండ్లు అమ్మే తినేది. నేను కళ్ళు తిరిగి బోరింగు దగ్గర కూలబడితే కూడా, "ఉపాసం గదా" అని అందరూ దండం పెట్టినంత పనిచేశారు. కడుపు మాడ్చుకుంటే ముందుగా దేవుణ్ని అనుమానించాలని మావాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

ఆ మధ్యలో మా కాలేజీకి ఎవరో మేడమ్ వచ్చి, యువతకు ఆరోగ్యం గురించి మాట్లాడింది. ప్రొజెక్టర్ పనిచేయలేదు, అందుకని గంటసేపు నోటితోనే చెప్పింది. సిగరెట్ వద్దు, మందు వద్దు, హెల్మెట్ లేకుండా బండెక్కొద్దు, వేళకు తినండి. మంచి మాటలే. కానీ ఒక్కో దాన్నీ విడివిడిగా చెప్పింది. నాకేమో అన్నీ ఒకే మూటలో వస్తున్నాయి. కొట్లాట అయితే బండి. హెల్మెట్ అద్దానికి వేలాడుతుంటుంది, అది పోలీసుల కోసం. ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాగోలు వైపు కళ్ళు మూసుకుని తోలుతూ, "సస్తే ఇద్దరం సద్దాం" అని అరుస్తాడు. బండి ఆగాక నా చేతులు వణుకుతుంటాయి. వణుకు తగ్గడానికి సిగరెట్. వాడే అంటించి ఇచ్చేవాడు. సిగరెట్ తాగాక ఆకలుండదు. తినకపోతే నిద్రుండదు. నిద్ర లేకపోతే మర్నాడు వాడి మెసేజ్‌కు జవాబు ఆలస్యం, దాంతో మళ్ళీ కొట్లాట. ఆ మేడమ్ చెప్పిన వద్దులన్నిటికీ తలకాయలాంటివాడు ఒకడున్నాడని, వాడి పేరు ప్రేమ అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేనూ చేయి ఎత్తలేదు.

తమాషా ఏంటంటే, సిగరెట్ తాగే ఆడపిల్లలు చెడిపోయినవాళ్ళని వాడే అనేవాడు. మత్తుపదార్థాలు వద్దని వాళ్ళ కాలేజీ ర్యాలీ తీస్తే బ్యానర్ పట్టుకుని ముందు నడిచింది కూడా వాడే. ర్యాలీ అయ్యాక ఆ బ్యానర్ పరుచుకుని, దాని మీదే కూర్చుని తాగారట. చెప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. మల్లాపూర్‌లో మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ గోడ వెనుక కూర్చుని, దగ్గుతూ, నవ్వుతూ, ఇదంతా పెద్దవాళ్ళ జీవితం అనుకున్నాను.

కూత మాత్రం నవ్వలేదు. అది మెల్లగా పొట్టిదైపోయింది. ఇదివరకు అవతలి కోర్టులో తీరిగ్గా ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరిగొచ్చేదాన్ని, ఇప్పుడు గీత దాటి నాలుగడుగులేసేసరికి ఛాతీలో ఎవరో తలుపు వేసినట్టయ్యేది. సార్ నన్ను పరిగెత్తించాడు. ఇంకా పరిగెత్తించాడు. ఆయన మందుల పెట్టె అక్కడితో ఖాళీ.

మా జట్టులో లెఫ్ట్ కార్నర్ ఒక పిల్ల ఉండేది. మౌలాలి నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న రైల్వేలో. నోరు విప్పితే తిట్టు, చెయ్యి చాపితే మడమ. రైడర్ మడమ పట్టి లాగడమే దాని పని, అందులో దానికి ఎంత పొగరంటే, వేరేచోట పట్టేవాళ్ళను ఆటగాళ్ళుగానే లెక్కేసేది కాదు. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నల్లా దగ్గర అందరం దుమ్ము కడుక్కుంటున్నాం. నేను నీళ్ళు చల్లుకుంటుంటే టీషర్టు చెయ్యి పైకి జరిగింది. భుజానికి కాస్త కింద, లోపలివైపు నాలుగు మచ్చలు, బయటివైపు ఒకటి.

"ఇదేందే?" అన్నది లెఫ్ట్ కార్నర్.

"ప్రాక్టీసుల తాకింది."

"ఎవరు పట్టిన్రు?"

"నువ్వే గావచ్చు."

అంతే, దానికి రోషమొచ్చింది. నా బాధ చూసి కాదు, దాని పనికి మచ్చ తెచ్చానని. "నేనా? నేను మడమ దప్ప వేరేది పట్టిననా ఎన్నడన్న? చేతులు పట్టుడు నాకు నామోషే. ఏయ్, ఎవరే దీని చెయ్యి పట్టింది?" అని అందర్నీ పిలిచింది.

రైట్ కార్నర్ వచ్చింది. "నేను తొడ పడ్త గదనే" అన్నది. కవర్లో ఆడేవాళ్ళు వచ్చారు. నడుము అన్నారు. ఎవరూ ఒప్పుకోవడం లేదు. దాంతో లెఫ్ట్ కార్నర్ నా చేతిని ముందుకు లాగి, "పెట్టున్రి, ఒక్కొక్కరు పెట్టి సూపెట్టున్రి" అన్నది. గాజుల బండి దగ్గర సైజు చూసినట్టు, ఒక్కొక్కతీ తడి చేత్తో నా చెయ్యి పట్టి, వేళ్ళను ఆ మచ్చల మీద పెట్టింది. ఎవరికీ సరిపోలేదు. వేలికీ వేలికీ మధ్య దూరం చాలా ఎక్కువ. మొదట్లో కిసకిసలాడుతున్నవాళ్ళు, మూడో చెయ్యి, నాలుగో చెయ్యి వచ్చేసరికి నోరు మూసుకున్నారు. నల్లా కట్టేయడం కూడా ఎవరికీ తోచలేదు.

"ఇది మన టీమోళ్ళ చెయ్యి గాదు" అన్నది లెఫ్ట్ కార్నర్. ఈసారి గొంతులో రోషం లేదు.

"మా అన్నతోని కొట్లాటైంది" అన్నాను.

"నీకు అన్న యాడికెల్లి వచ్చిండే? మీ ఇంట్ల నువ్వొక్కదానివే గదా."

అప్పుడు నాకు కోపమొచ్చింది. వాళ్ళ మీద. వాడికి నేనంటే ప్రాణమని, నేనంటే పొసెసివ్ అని, వీళ్ళకేం తెలుసని అరిచాను. "పొసెసివ్ అంటే ఏందే? నువ్వు ప్లాటువా? చుట్టూ కాంపౌండు గట్టి, గేటుకు తాళమేస్తడా?" అన్నది. ఎవరో నవ్వారు. నేను బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాను. దారంతా దాన్ని తిట్టుకున్నాను. అయినా ఆ రాత్రి పడుకున్నాక, నా చేతి మీద వాళ్ళ తడి వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆనినట్టే ఉంది.

జిల్లా సెలక్షన్లు ఉప్పల్‌లో పెట్టారు. వెళ్ళొద్దన్నాడు వాడు. సెలక్టయితే వేరే ఊళ్ళో క్యాంపు ఉంటుందని, అక్కడ నేనేం చేస్తానో ఎవరికి తెలుసని. మోకాలు నొప్పని చెప్పేద్దామని నిర్ణయించుకుని పడుకున్నాను. పొద్దున్నే లెఫ్ట్ కార్నర్ ఆటోతో సహా గుమ్మం ముందు ప్రత్యక్షమైంది. మోకాలు నొప్పంటే, "ఏ మోకాలు?" అన్నది. తడబడి రెండూ చూపించాను. మా అమ్మ దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆ చిప్ప చేతిలో పెట్టి, నన్ను ఆటోలోకి నెట్టింది. వాడికి మెసేజ్ పెట్టాను. "సరే, నేను గూడ వస్తున్న" అని జవాబు.

అంతకుముందు రోజు ఏ దేవుడిదో ఒక్కపొద్దు. ఆ పొద్దున భయానికి గ్రౌండు బాత్రూముల వెనుక సిగరెట్. ఇక నా ఆట గురించి ఎక్కువ చెప్పుకోవడానికేం లేదు. మొదటి రైడ్‌కు వెళ్ళాను, కూత తెగింది, విజిల్. రెండోసారి వెళ్ళాను, ఇంకా ముందే తెగింది. చివరిసారి గీత దాటగానే కళ్ళ ముందు నల్లగా అయింది, ఉన్నచోటే కూర్చున్నాను. అవతలి జట్టు పిల్లలు చేతులు చాపుకుని అలాగే నిలబడ్డారు. పొద్దున్నుంచీ నన్నొక్కరు కూడా ముట్టుకోలేదు. సార్ వచ్చి నీళ్ళు తాగించి, "నీ కూత ఏడబోయింది బిడ్డా?" అని అడిగాడు. పరిగెత్తమని అంటాడేమో అని చూశాను. "జర దవాఖానాకు పో" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా వాడి చెంపదెబ్బకు కూడా ఏడవలేదు.

లెఫ్ట్ కార్నర్ సెలక్టయింది. నా పేరు చదవలేదు.

బయట బండి దగ్గర వాడున్నాడు. వాణ్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. "ఏం ఫికర్ జెయ్యకు. మంచిగయింది పో" అని నా తల నిమిరాడు. బండి కూడా మెల్లగా తోలాడు. ఉప్పల్ చౌరస్తాలో హోటల్‌కు తీసుకెళ్ళి బిర్యానీ చెప్పాడు. "ఇంక ఆట లేదు గదా, ఇప్పుడు తిను. ఎంత తింటవో తిను" అని లెగ్ పీసు తీసి నా ప్లేటులో వేశాడు. ఫోన్ బోర్లా పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నన్నే చూస్తూ కూర్చున్నాడు.

వాడు ఏడ్చినప్పుడు నమ్మాను. గుంజీళ్ళు తీసినప్పుడు నమ్మాను. ఈ సంతోషాన్ని మాత్రం నమ్మాల్సిన పనే లేకపోయింది, ఎదురుగా కూర్చుని పళ్ళు కనబడేలా నవ్వుతోంది. నా బతుకులో అన్నిటికంటే చెడ్డరోజు వాడికి పండగ. అరటిపండ్లు తెచ్చినవాడూ, ఇప్పుడు లెగ్ పీసు వేసినవాడూ ఒకడే, మధ్యలో నాకు తిండి లేకుండా చేసినవాడూ వాడే.

అలాంటి సమయంలో ప్లేటు నెట్టేసి లేవాలి. నేను లేవలేదు. బిర్యానీ మొత్తం తిన్నాను. చెప్పకూడదు గానీ, మస్తుగుంది. నెలల తరబడి ఆకలి, మరి. ఎముక కూడా వదలకుండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "నేను పోతున్న" అన్నాను.

"ఆగు, బండి తీస్త."

"నీ బండి మీద గాదు. ఇంక ఎన్నడు గాదు."

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చెయ్యి చాపి, ఎప్పుడూ పట్టే చోటే పట్టుకున్నాడు. పట్టు విడిపించుకోవడానికి పెద్ద బలం అక్కర్లేదు. పట్టినవాడి బొటనవేలు ఎటుందో చూసి అటువైపు తిప్పి లాగాలి. నాచారంలో చిన్న పిల్లలకు కూడా నేర్పుతారు. ఇన్నాళ్ళూ అది నాకు రాక కాదు. ఆటలో పట్టుకునేవాళ్ళు అవతలి జట్టువాళ్ళు. వీణ్నేమో నేను మా జట్టులో లెక్కేసుకున్నాను. తిప్పి లాగాను. వాడి చేతిలో గాలి మిగిలింది. సాలన్ గిన్నె పట్టుకుని పోతున్న వెయిటర్ ఆగి, "ఏమైంది చెల్లె?" అన్నాడు. "బిల్లు ఈయన ఇస్తడు" అని చెప్పి బయటికొచ్చాను.

అక్కడితో అంతా అయిపోయిందని చెబితే అబద్ధం. కొన్నాళ్ళు మా గల్లీ చివర బండి ఆగేది. ఇద్దరం దిగిన ఫొటోలు అందరికీ పంపుతానన్నాడు. లెఫ్ట్ కార్నర్ జట్టునంతా వెంటేసుకుని వాడి ఛాయ్ హోటల్‌కు వెళ్ళి, నాలుగు ఛాయ్‌లు తాగి, ఏమీ మాట్లాడకుండా వాణ్ని చూస్తూ కూర్చుని వచ్చింది. పీడీ సార్ వాడి నాన్నను కలిసి, పోలీసు స్టేషన్ దారి తనకు బాగా తెలుసని చెప్పి వచ్చాడు. బండి ఆగడం మానేసింది. వాడి కంటే సిగరెట్ ఎక్కువ కాలం పీడించింది. దానికి పీడీ సార్‌ను చూస్తే భయం లేదు మరి. దవాఖానాలో డాక్టరమ్మ రక్తం తక్కువుందని మాత్రలిచ్చి, పొగ మాన్పించడానికి నెలనెలా రమ్మంది. తిట్టకుండా మాట్లాడింది కాబట్టి వెళ్ళాను. మరుసటి ఏడాది జిల్లా జట్టులో కూర్చున్నాను. కూర్చున్నాననే అంటున్నాను, బెంచీ మీద. సీటు వచ్చింది.

కానీ నాకు మరపురానిది ఆ బిర్యానీ తిన్న సాయంత్రం. షేరింగ్ ఆటోలో, షిఫ్టు దిగిన ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని నాచారం చేరాను. నాయిన ఇంకా రాలేదు. అమ్మ అప్పుడే పొయ్యి దగ్గర నుంచి లేచింది. నా ముఖం చూసి, పేరు రాలేదని అర్థం చేసుకుని, పసుపు డబ్బా తీసింది. "సూపెట్టు, ఏడేడ తాకినయి?"

"ఇయ్యాల ఏం తాకలేదమ్మా. నాకు అన్నం పెట్టు."

"శనివారం గదనే, ఒక్కపొద్దు..."

"ఏ దేవుడు లేడమ్మా. అన్ని అబద్ధాలే."

కంచం ముందు కూర్చుని అంతా చెప్పాను. అరటిపండ్ల నుంచి బిర్యానీ దాకా. సిగరెట్ కూడా చెప్పాను. అక్కడ అమ్మ చెయ్యి లేచింది, నన్ను కొట్టడానికే. గాల్లోనే ఆగింది. తన చెయ్యి తనదేనా అన్నట్టు కాసేపు దానివైపు చూసుకుని, ఆ చేత్తోనే గరిటె తీసుకుని నా అన్నంలో పచ్చిపులుసు పోసింది.

"గియన్ని ఆట దెబ్బలు గావా?" అన్నది.

"కొన్నే."

"నేను అందరికి సూపెట్టుకున్న గదనే" అన్నది. "ఆడు కొట్టినయి గూడ, నా బిడ్డ ఆడపులి అని సూపెట్టుకున్న." నేను ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చేదాన్నే, కానీ చెయ్యి ఎంగిలి, పైగా ఇంకా ఆకలిగా ఉంది.

ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. నేను తీయబోతే అమ్మ ముందే అందుకుని, పెద్దగా వినబడేట్టు పెట్టి, నేల మీద ఉంచి, "ఎవరు?" అన్నది. అవతల ఏడుపు. తన తప్పేనట, కోపం ఆపుకోలేడట, ఒక్కసారి నాతో మాట్లాడించమట. అమ్మ ఊఁ కొడుతూ వింటోంది. ఏడుపు అయ్యాక గొంతు మారింది. ఆ మార్పు నాకు బాగా తెలుసు, నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆంటీ, మీకు తెల్వది. నేను లేకుంటే ఆమె బత్కదు. సచ్చిపోతది."

అమ్మ నావైపు చూసింది. నా కంచం వైపు చూసింది.

"లేదు పిలగా. గీడనే ఉన్నది" అన్నది. "అన్నం తింటున్నది."

ఫోన్ కట్టేసి, ఇంకో గరిటె పెట్టింది.